బోణీ బంతి

ఏ జట్టులో చేరినా నేను ముందు బేరమాడేది బస్సులో సీటు గురించి. డ్రైవరు వెనక వరస, కిటికీ పక్క. అది ఒప్పుకున్నాకే జెర్సీ నంబరు, ప్రాక్టీసు వేళలు, ఊరెళ్ళినప్పుడు గదిలో ఎవరితో సర్దుకోవాలి అనే మాటలు. కోచ్‌లు మొదట నవ్వుతారు, తరవాత విసుక్కుంటారు, చివరికి ఇచ్చేస్తారు. నిజానికి కిటికీ మీద నాకంత మోజు లేదు. బేరం లేకుండా చేతికొచ్చిన దేనిమీదా నమ్మకం కుదరదు, అంతే. మలేషియాలో సుంగై సిపుట్ అనే ఊళ్ళో కొట్ల వరసలో పెరిగినదాన్ని. ఎడమ పక్క తమిళుల బట్టల కొట్టు, కుడి పక్క చీనావాళ్ళ సైకిళ్ళ కొట్టు, మధ్యలో మా అమ్మ కిరాణా. చెప్పిన ధరకే వస్తువు కొనుక్కుపోయిన మనిషిని చూసి మా వరసంతా జాలిపడేది.

అమ్మడం అబ్బింది గాని నాకు కూర్చోవడం అబ్బలేదు. గల్లాపెట్టె వెనక స్టూలెక్కితే చాలు, కాళ్ళు వాటంతటవే ఆడేవి. "ఏటే, బల్ల కింద కుట్టుమిషను గాని తొక్కుతన్నావా?" అనేది అమ్మ. స్కూల్లో టీచరు సాఫ్ట్‌బాల్ ఎవరాడతారని అడిగినప్పుడు ఆట ఏమిటో తెలియకుండానే చెయ్యెత్తాను. సాయంత్రాలు కొట్లో కూర్చోనక్కర్లేదన్న సంగతి మాత్రం బాగా అర్థమైంది.

తెలియనివాళ్ళకి ఆట గురించి ఒక్క ముక్క. బేస్‌బాల్‌కి చెల్లెలు, క్రికెట్‌కి దూరపు చుట్టం. పిచర్ అంటే బంతి వేసే మనిషి, అంటే నేను. చెయ్యి భుజం చుట్టూ గిర్రున తిప్పి, తుంటి పక్కనుంచి, కిందినుంచే బంతి వదలాలి. బ్యాటర్ ముందు గాలిలో కనిపించని కిటికీ ఒకటి ఉందనుకోండి. బంతి అందులోంచి పోయినా, బ్యాటు ఊపి తప్పినా స్ట్రైక్. మూడు పడితే బ్యాటర్ వెనక్కి. కిటికీ బయటినుంచి పోతే దాన్ని బాల్ అంటారు. నాలుగు పడితే బ్యాటర్ ఏమీ కొట్టకుండానే మొదటి బేస్‌కి నడుచుకుంటూ పోవచ్చు. బేస్‌లన్నీ చుట్టొస్తే ఒక పరుగు, ఆటకి ఏడు ఇన్నింగ్స్‌లు. ఆ కిటికీ అంచుల దగ్గర బేరమాడడమే పిచర్ పని. మంచి సరుకు ముందే బల్ల మీద పెట్టకూడదు. నాసిది చూపించి, పెదవి విరిచేలోపు ఇంకొకటి చూపించి, విసుగొచ్చి ఏదో ఒకటి తీసుకునేలా చెయ్యాలి. నా బంతిలో వేగం ఎప్పుడూ లేదు. ఉన్నదంతా కొట్లో నేర్చిన ఆ ఓపికే.

దానితోనే చాలా జట్లు తిరిగాను. బంటింగ్ అనే ఊళ్ళో చేతి తొడుగుల ఫ్యాక్టరీ జట్టు మొదటిది. ప్యాకింగ్ లైన్‌లో ఉద్యోగం, శనివారాలు ఆట. తరవాత రాష్ట్ర జట్టులో ఆడించని సీటు. తరవాత ఒక ఆసుపత్రి జట్టు, ఒక నౌకాశ్రయం జట్టు, స్పాన్సరు దొరక్క మధ్యలోనే మూతపడిన ఇంకో జట్టు. మా ఇంట్లో పాత జెర్సీలతో అమ్మ కొట్టు తుడుస్తుంది. ఏ జట్టు జెర్సీ తడి బాగా పీలుస్తుందో తనకి తెలుసు. నన్ను పంపించేసేటప్పుడు అందరూ మర్యాదగానే పంపారు. "కొత్తవాళ్ళకి అవకాశం ఇవ్వాలి కదా కాక్" అనేవాళ్ళు. కాక్ అంటే మలాయ్‌లో అక్క. ఆ మాట వినపడగానే సంచీ సర్దుకోవడం అలవాటైపోయింది. ఆసుపత్రి కోచ్ ఒక్కడే ఇంకో ముక్క ఎక్కువ చెప్పాడు: "నువ్వు ఆడితే మనం ఎప్పుడూ ఒక పరుగు వెనకనుంచి మొదలుపెడతాం. ఎందుకో తెలియదు." నాకూ తెలియలేదు. దురదృష్టం అనుకున్నాను. దురదృష్టం మీద బేరమాడలేం కదా.

ఇప్పుడున్నది సైబర్‌జయలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో. కాగితం మీద నాది కొనుగోళ్ళ విభాగం. కుర్చీలు, ప్రింటరు సిరా, కాఫీ పొడి అమ్మడానికి వచ్చేవాళ్ళని ఏడిపించే పని. నన్ను తీసుకున్నది మాత్రం కంపెనీ జట్టుకి బంతి వెయ్యడానికి. పోయిన ఏడాది ఇంకో పిచర్ వచ్చింది. చదువు అప్పుడే పూర్తయిన ప్రోగ్రామరు, పొడుగాటి మలాయ్ పిల్ల. బంతి వదిలితే చప్పుడు ముందు వినిపిస్తుందా, బంతి ముందు కనిపిస్తుందా అన్నట్టుంటుంది. ఉన్న మంచి సరుకంతా మొదటి నిమిషంలోనే బల్ల మీద కుమ్మరించేస్తుంది. చూసి నాకు కడుపు మండేది.

మా కోచ్ చీనా అమ్మాయి, నాకంటే చిన్నది, ఆటలో నాకంటే పెద్దది. ఈ సీజన్ మొదలయ్యే ముందు నన్ను కాఫీ మిషను దగ్గర పట్టుకుంది.

"కాక్, ఈసారి లిస్టులో ఒక్క పిచర్‌నే పెడతాను. వచ్చే వారం టోర్నమెంటులో మొదటి మ్యాచ్ నీకు, రెండోది తనకి. తరవాత చెప్తాను."

"రెండూ నాకివ్వు. పోల్చుకోవడానికి నీకే తేలిక."

"లేదు లా." మా దేశంలో ఏ భాష మాట్లాడినా మాట చివర ఈ 'లా' తగిలిస్తాం.

"సరే, మొదటి మ్యాచ్‌లో నేను బాగా వేస్తే రెండోది ఆమెకి ఇవ్వనక్కర్లేదుగా?"

"కాక్, ఇది ప్రింటరు సిరా కాదు."

జట్టులోంచి తీసేస్తే ఉద్యోగం పోదు. అదే నా భయం. ఉద్యోగం ఉంటుంది, కుర్చీ ఉంటుంది, కుర్చీకి చక్రాలు కూడా ఉంటాయి. శనివారం పొద్దున్న లేచి ఎక్కడికీ వెళ్ళనక్కర్లేని మనిషిని అవుతాను. ఆ వారమంతా ఆఫీసులో ఫోను వచ్చినా నిలబడే మాట్లాడాను. సరుకు అమ్మడానికి వచ్చిన పెద్దమనిషి "కూర్చోండి మేడమ్, మీ ఆఫీసే కదా" అన్నాడు.

టోర్నమెంటుకి ముందు క్లాంగ్ ఊరి జట్టుతో ఒక ఉత్తుత్తి మ్యాచ్ పెట్టారు. వాళ్ళ మొదటి బ్యాటర్‌ని బంటింగ్ రోజులనుంచీ ఎరుగుదును. తమిళ పిల్ల, బలిష్ఠంగా ఉంటుంది, ఎప్పుడూ ఏదో నములుతూనే ఉంటుంది. మొదటి బంతి వేశాను. అది కంచె దాటి, కారు షెడ్డు రేకు మీద పడి మోగింది. బేస్‌లన్నీ తీరిగ్గా చుట్టి వస్తూ నా ముందు నిమిషం ఆగింది.

"అక్కా, బోణీ ఆయిడుచ్చా?"

బోణీ అయిందా అని. నవ్వుతూ పోయింది.

మ్యాచ్ అయ్యాక గ్రౌండు గేటు బయట తేతారిక్ టీ బండి దగ్గర ఆ పిల్లని పట్టుకున్నాను. టీ నేనే ఇప్పించాను, మాట రాబట్టాలంటే ముందు ఏదో ఒకటి పెట్టాలి. తమిళంలోనే మాట్లాడుకున్నాం.

"ఏమన్నావప్పుడు?"

"తెలియనట్టు అడక్కండక్కా. మా నాన్నది పూల కొట్టు. తెల్లారి మొదట వచ్చినవాడు ఎంతకడిగినా ఇచ్చేస్తాడు. మూర మల్లెల ధరకి బండెడు ఇమ్మన్నా ఇచ్చేస్తాడు."

"దానికీ నా బంతికీ ఏంటి?"

"మొదటి బంతి కళ్ళకద్దుకుంటారు కదా మీరు. మా నాన్న మొదటి నోటు అద్దుకున్నట్టే. అద్దుకుని నడిమధ్యకి వేస్తారు, నిదానంగా, పళ్ళెంలో పెట్టినట్టు. మీ జట్టులో అందరూ దేవుడికి దండం అనుకుంటారు. నాకు తెలుసు. బంటింగ్‌లో చూసినప్పటినుంచీ తెలుసు."

"ఇన్నేళ్ళూ ఎవరికైనా చెప్పావా?"

"ఎందుకు చెప్తాను లా? నాకొక్కదానికే దొరికే సరుకు."

నేను కళ్ళకద్దుకుంటానని నాకు తెలియదు. ఒట్టు. ఆ సాయంత్రం గదిలో అద్దం ముందు బంతి పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి తిప్పబోయేసరికి బంతి దానంతట అదే కనురెప్పల దాకా వచ్చింది. పట్టుకుంటే దొంగ దొరికినట్టయింది, ఆ దొంగ నా మోచేతే.

మొదటి బంతి స్ట్రైక్ వెయ్యమని ప్రతి కోచ్ చెప్తాడు. నేను ఆ మాట చాటున దాక్కున్నాను. ఆ ఒక్క బంతికీ నేను బేరమాడను. మొదట వచ్చినవాళ్ళు వట్టి చేతులతో పోకూడదు, మా ఇంట్లో అది అన్నం కన్నా ముందు నేర్పిన సంగతి. ఒకసారి పొద్దున్నే మొదట వచ్చినాయన తాళంకప్ప అడిగాడు. మేము తాళంకప్పలు అమ్మం. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, పెరటి తలుపుకి ఉన్న కప్ప ఊడదీసి, తాళంచెవితో సహా ఇచ్చి పంపింది. ఆ రోజంతా పెరటి తలుపు ప్లాస్టిక్ తాడుతో కట్టి ఉంది. బోణీ మాత్రం దివ్యంగా అయింది. ఆ తలుపు గుర్తొచ్చి నవ్వొచ్చింది. తరవాత నేను ఎన్ని జట్లకి పెరటి తలుపు కప్ప ఊడదీసి ఇచ్చానో తలుచుకుంటే నవ్వు ఆగిపోయింది.

మర్నాడు పొద్దున అమ్మకి ఫోన్ చేశాను. కొట్టు తెరుస్తోంది, షట్టర్ చప్పుడు వినిపిస్తోంది.

"ఏటే ఇంత పొద్దున్నే? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. అమ్మా, బోణీ చెయ్యకపోతే ఏమవుతుంది?"

"సేయకపోతే ఏటవుద్ది, ఆ రోజు యాపారం సాగదు. ఎవులు సేయలేదు? ఎవుల కొట్టు?"

చెప్పాను. మొదటి బంతి, కళ్ళకద్దుకోవడం, కంచె దాటడం, అన్నీ. అటువైపు కొట్టు ఊడుస్తున్న చీపురు ఆగిపోయింది.

"అంటే ఆట మొదలెట్టీసరికి నువ్వు వాలకి మంచిది ఇచ్చేత్తన్నావా?"

"ఆ."

"మరి వాలు నీకేటి ఇత్తన్నారు?"

"ఏమీ ఇవ్వరు. కొట్టుకుని పోతారు."

"ఓసి పిచ్చిదానా! బోణీ అంటే సరుకు ఇచ్చి నోటు పుచ్చుకోడం. నీ సేతిలో ఏటీ పడకపోతే అది బోణీ ఎలాగవుద్దే? దానం అవుద్ది. దానం సేయడానికి బస్సెక్కి అంత దూరం ఎల్లాలా? గుడి కాడ సేయొచ్చు గదా."

అమ్మ వదల్లేదు.

"అయినా ఆ బంతి ఎవులిది? నీదా?"

"కంపెనీది."

"కంపెనోలి సరుకుకి నువ్వు బోణీ సేత్తన్నావా! ఇన్నేళ్ళూ! మీ తాతకి తెలిత్తే కొట్టు మూసీసి నవ్వును." కొంచెం ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "ఆ పిల్ల ఎవులి పిల్ల? పూల కొట్టోలి పిల్లా? మంచి తెలివి గల పిల్ల."

నా ఓటమి కన్నా పూల కొట్టు వాళ్ళమ్మాయి తెలివే అమ్మకి పట్టింది. ఫోన్ పెట్టేశాక చాలా తేలికగా అనిపించింది. విషయం తేలిపోయింది కదా అనుకున్నాను. అప్పటికి నా చెయ్యి ఎంత మొండిదో ఇంకా తెలియదు.

టోర్నమెంటులో మొదటి మ్యాచ్ మళ్ళీ క్లాంగ్ జట్టుతోనే పడింది. మొదటి బ్యాటర్ ఆ పిల్లే. నములుతూ వచ్చి నిలబడి, నన్ను చూసి కన్నుగీటింది. మా కొత్త పిచర్ ఆటగాళ్ళ షెడ్డులో హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని కూర్చుంది. కోచ్ కంచెకి ఆనుకుని చేతులు కట్టుకుంది. ఆ చేతుల్లోనే నా సీజన్ ఉంది.

బంతి తీసుకున్నాను. చెయ్యి పైకి లేవబోయింది. ముక్కు గోక్కున్నట్టు నటించి దించేశాను. చెయ్యి తిప్పి, కిటికీకి బాగా బయట, మోకాళ్ళ కింద, ముట్టుకోకూడని చోట పడేశాను. ఆ పిల్ల పళ్ళెంలోది తీసుకోవడానికి అప్పటికే ఊగిపోయింది. బ్యాటు గాలిని కొట్టింది. నములుతున్న నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

అక్కడితో ఆగితే కథ ఎంత బాగుండేది!

రెండో బంతి వెయ్యాలి. వేళ్ళు తెలియనివాళ్ళ వేళ్ళలా ఉన్నాయి. మొదట వచ్చినదాన్ని వట్టి చేతులతో నిలబెట్టానన్న మాటే తలలో తిరుగుతోంది. రెండోది బయటికి పోయింది. మూడోది నేల తాకింది. ఆ తరవాతవీ అంతే. ఆమె బ్యాటు కింద పారేసి, చేతులు దులుపుకుని, మొదటి బేస్‌కి షికారులా నడిచింది. వచ్చిన రెండో బ్యాటర్‌కీ అదే భాగ్యం. బ్యాటర్ వెనక బంతి పట్టే మా క్యాచర్ బంతి తెచ్చిచ్చే మిషతో నా దగ్గరకి వచ్చి "కాక్, తిన్నావా పొద్దున?" అంది. మూడో బ్యాటర్ ఓ మోస్తరుగా కొట్టింది, పూల కొట్టు పిల్ల పరుగు తీసుకుంది. ఏం చేసినా ఆ ఒక్క పరుగు వాళ్ళకి పోయింది. ఇన్నేళ్ళూ సింగారించి చేతికిచ్చినదాన్ని ఈసారి ఏడుస్తూ ఇచ్చాను.

పరుగు పోగానే ఏమైందో, చెయ్యి కుదుటపడింది. ఇవ్వాల్సింది ఇచ్చేశానని దానికి తృప్తి కలిగినట్టుంది. అక్కణ్ణించి నేను వేసిన బంతులు నాకే ముద్దొచ్చాయి. కిందకి దిగేది, చివర్లో ఆగిపోయేది, అంచు రాసుకుని లోపలికొచ్చేది. క్లాంగ్ వాళ్ళకి ఇంకొక్క పరుగూ దక్కలేదు. పూల కొట్టు పిల్ల రెండోసారి వచ్చినప్పుడు మూడు బంతుల్లో పంపించేశాను. పోతూ "మీ కొట్లో ఇక కొననక్కా" అంది. మేము ఆ మ్యాచ్ గెలిచాం కూడా. కానీ నేను మొదట్లో చేసిన గందరగోళం కోచ్ చూసింది. రెండో మ్యాచ్‌లో మా పొడుగు పిల్ల మొదటి బంతినుంచే చప్పుడు చేసింది, అలిసిపోయేదాకా చేసింది. అదీ చూసింది.

సాయంత్రం పార్కింగ్‌లో బ్యాట్ల సంచీ ఎక్కిస్తూ పిలిచింది.

"కాక్, మొదలుపెట్టేది తనే."

నేను సంచీ రెండో వైపు పట్టుకున్నాను. చేతులు ఖాళీగా ఉంటే ముఖం దొరికిపోతుంది.

"కొత్తవాళ్ళకి అవకాశం ఇవ్వాలి కదా," అన్నాను, ఆ మాట తను అనకముందే.

"అది కాదు లా. నీ ఆట వీడియోలు ఫోన్లో ఉన్నవన్నీ చూశాను. మొదటి ఇన్నింగ్స్ నువ్వు వేరే మనిషివి. రెండో ఇన్నింగ్స్‌నుంచి నిన్నెవరూ కొట్టలేరు. ప్రతి మ్యాచ్‌లో అదే. ఎందుకు?"

చెబితే నవ్వుతుంది. "ఇంజను వేడెక్కాలి," అన్నాను.

"అయితే వేడెక్కాకే దింపుతాను. తను మొదలుపెడుతుంది, తను అలిసిపోయాక నువ్వు. లిస్టులో ఇద్దరినీ పెడతాను."

కాళ్ళ కింద నేల మళ్ళీ వచ్చింది. వచ్చిందని ముఖంలో కనిపించనివ్వలేదు. బేరంలో మొదట చెప్పినదానికి ఒప్పుకుంటే మా వరసంతా నన్ను చూసి జాలిపడదూ!

"ప్రతి మ్యాచ్‌లోనూ దింపుతావా?"

"అవసరమైతే."

"ఎన్నో ఇన్నింగ్స్‌లోనో ముందే చెప్పు."

"ఎలా చెప్తాను? తను బాగా వేస్తే ఎందుకు తీస్తాను?"

"మూడో ఇన్నింగ్స్ అయ్యాక అనుకుందామా?"

"అనుకోం."

"పోనీ నాలుగు."

"కాక్!"

"సరే. ఒక్కటి అడుగుతాను. షెడ్డులో బెంచీ మీద కూర్చోను. మొదటినుంచీ కంచె పక్కన నిలబడి బంతి వేసుకుంటాను. నిన్నేమీ అనను, నీవైపు చూడను."

తను కారు డిక్కీ మూసి, నా కాళ్ళవైపు చూసింది. అవి అప్పటికే ఆడుతున్నాయి.

"చూస్తావు," అంది. "అయినా సరే. నిలబడు."

సీటు గురించి అడగడం మరిచిపోయాను. బస్సులో వెనకెక్కడో ఇరుక్కుని వెళ్ళాను.

అలా సీజన్ దొరికింది. కంచె పక్కన నిలబడి ఆట చూడడం వేరే రకం యాతన. పొడుగు పిల్ల స్ట్రైక్ వేస్తే చప్పట్లు కొడతాను, మనస్ఫూర్తిగానే. ఆ చప్పట్లు కొడుతూనే లెక్కపెడుతుంటాను, ఊపిరి ఎంత వేగంగా తీస్తోంది, జెర్సీ భుజం ఎన్నిసార్లు లాక్కుంటోంది అని. అమ్మ ఫోన్‌లో అడుగుతుంది, "ఇయాల నిన్ను పిలిసినారా?" అని. కొన్నిసార్లు పిలుస్తారు. కొన్నిసార్లు ఏడు ఇన్నింగ్స్‌లూ కంచెకేసి బంతులు విసిరి, చెమటతో తడిసి, మైదానంలోకి ఒక్క అడుగు పెట్టకుండా ఇంటికొస్తాను. ఆ రోజుల్లో కాళ్ళు మంచం మీద కూడా నిలవవు.

పోయిన శనివారం మాత్రం ఆ పిల్ల ఐదో ఇన్నింగ్స్‌లో తడబడింది. ఒకర్ని నడిపించింది, ఇంకొకర్ని నడిపించింది. చెయ్యి జాడిస్తోంది. ఎండ నెత్తిమీదుంది. నేను వేస్తున్న బంతి ఆపేసి, గ్లవ్ సర్దుకుని, కంచె సందులోంచి లోపలికి నడిచాను. అంపైర్ నన్ను చూసి, కోచ్‌ని చూశాడు.

"కాక్!" కోచ్ అరిచింది. "నేనింకా పిలవలేదు!"

"పిలుస్తావు కదా లా. దారిలో ఉంటాను."

"వెనక్కి వెళ్ళు!"

నేను ఆగాను. వెనక్కి మాత్రం వెళ్ళలేదు. ఆ పిల్ల ఇంకో బంతి వేసింది. అది క్యాచర్ తలమీదుగా పోయింది. కోచ్ టోపీ తీసి, ముఖానికి ఒకసారి విసురుకుని, మళ్ళీ పెట్టుకుని, అంపైర్ దగ్గరికి నడవడం మొదలుపెట్టింది. అప్పటికి నేను గీత దాటేశాను.